డీజే గారి 1099

జనవరి వస్తే అమెరికాలో తెలుగు సంఘం కోశాధికారికి ఒకవైపు ముగ్గుల పోటీ, మరోవైపు ముప్పై ఒకటో తేదీ. 2025 ఉగాదికి కోశాధికారి డీజేకి సంఘం ఖాతాలోంచి 700 డాలర్లు జెల్ (Zelle)లో పంపాడు. జనం గంతులేశారు, పులిహోర తిన్నారు, ఇళ్ళకెళ్ళారు. లెక్క మాత్రం ఆయన మెడకే చుట్టుకుంది. ఉద్యోగి కానివాడి చేత పని చేయించుకుని 2025లో 600 డాలర్లో, ఆపైనో ఇచ్చినవాళ్ళు 1099-ఎన్ఈసీ ఫారమ్ నింపి, జనవరి నెలాఖరుకి ఒక ప్రతి అతనికీ ఒకటి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కీ పంపాలి.

"మనం లాభాపేక్ష లేనివాళ్ళం కదండీ!" అని కమిటీలో ఎవరో ఒకరు అననే అంటారు. ఈ ఒక్క విషయంలో లాభాపేక్ష లేనివాళ్ళూ వ్యాపారుల కిందే లెక్క.

అదే డీజే కోశాధికారి గారి అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అవే పాటలు వేసి అదే 700 పుచ్చుకుంటే ఫారమ్ ఊసే లేదు. అది సొంత ఖర్చు. ఉగాదికి సంఘం క్రెడిట్ కార్డు గీకినా బాధ లేదు, ఆ లెక్క కార్డు వ్యవహారం చూసేవాళ్ళది. డీజే కార్పొరేషన్ పెట్టుకున్నా మామూలుగా మినహాయింపే. లాయరు ఫీజుకి మాత్రం ఆ మినహాయింపు లేదు. చట్టాలు రాసేవాళ్ళలో లాయర్లూ చాలామందే, తోటివాళ్ళ సంగతి వాళ్ళకి తెలియదా!

ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించిన పంతులు గారికీ ఫారమ్ ఇవ్వక్కర్లేదు. అలాగని దక్షిణకి పన్ను లేదనుకుంటే పొరపాటే. కాగితం రాకపోయినా ఆదాయం ఆదాయమే.

అసలు చిక్కు డబ్ల్యూ-9 దగ్గర. పన్ను నంబరు రాసిచ్చే ఆ కాగితం డబ్బు చేతిలో పెట్టకముందే తీసుకోవాలి. నంబరు ఇవ్వనివాడికి 24 శాతం పట్టుకుని మిగతాదే ఇవ్వాలి. ఉగాదికి ఇచ్చేసిన డబ్బులోంచి సంక్రాంతికి ఏం పట్టుకుంటాడు? "పంపిస్తా అన్నా" అని డీజే వాట్సాప్‌లో బొటనవేలు చూపిస్తాడు, అంతే.

ఎలాగో నంబరు దొరికినా, కాగితం మీద పంపేటట్టయితే ఐఆర్‌ఎస్‌కి వెళ్ళే ప్రతి ఎర్ర సిరాతో అచ్చువేసిన అసలు ఫారమే అయ్యుండాలి. శుభలేఖకి పసుపు ఎంతో దీనికి ఆ ఎరుపు అంత. వెబ్‌సైట్‌లోంచి ఇంట్లో ప్రింటు తీసి పంపితే జరిమానా పడొచ్చు.

ఈ 600 హద్దు 1954 చట్టం నాటిది. ధరలు ఎన్నింతలైనా అది అంగుళం కదల్లేదు. ఎన్ఈసీ ఫారమ్ కథ ఇంకా విచిత్రం: 1982 తర్వాత మూలపడి, 2020 పన్ను ఏడాదికి నిద్ర లేచింది. చివరికి 2025లో వచ్చిన చట్టం, 2026 చెల్లింపుల నుంచి ఆ 600 హద్దుని 2000 డాలర్లు చేసింది. ఈసారి డీజేకి 700 ఇస్తే ఫారమ్ పనే లేదని కోశాధికారి కమిటీలో సంబరంగా ప్రకటించాడు.

"అయితే ఈ ఉగాదికి లైవ్ బ్యాండ్ పెడదాం, 2500 అడుగుతున్నారు" అన్నారు అధ్యక్షులు.

"ముందు డబ్ల్యూ-9 ఇప్పించండి సార్!"