జిప్సీకి పొడుగు సోకు

మారుతి వాళ్లు జిప్సీకి ఎప్పుడో సెలవిచ్చారు. మన సెల్లార్లలో మాత్రం దానికి ప్రతి ఆదివారం పునర్జన్మే! కింద జాకీ, చేతిలో పానా, బానెట్ మీద ఫోన్లో వీడియో. కమాన్ కట్టలకు పొడుగాటి షాకిళ్లు బిగించి బండిని రెండంగుళాలు లేపుతారు. దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి, జాయింట్లు టకటకమంటాయి. అది అడవి పిలుపట! పెద్ద టైర్లు వేశాక స్పీడోమీటర్ అబద్ధాలు మొదలెడుతుంది. ముల్లు 60 మీద ఉన్నా బండి అంతకన్నా జోరు మీద ఉంటుంది. బ్రేకులు మాత్రం పాతవే. మార్చినా ఫొటోలో కనపడవు కదా!

ఏట్లో దిగితే ఇంజన్‌కు గాలి అందాలని టాపు దాకా స్నార్కెల్ కూడా పెట్టించారు. హైదరాబాద్‌లో ఏరెక్కడిదని అడక్కండి, గట్టి వాన పడితే వీధే ఏరు. (నిజం చెప్పాలంటే, దండగ కాని ఖర్చు ఇదొక్కటే.) ఇన్ని హంగులున్నా ఫోర్ వీల్ లివర్ తుప్పు పట్టి కదలదు. దాన్ని లాగే పని ఎప్పుడు పడింది గనక?

కంపెనీ ఇచ్చిన అసలు రూపాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది మోటారు వాహనాల చట్టంలోని 182-ఎ సెక్షన్. లెక్కేసుకుంటే బండి ఖరీదు దాటేలా ఉంది. స్వామీ, కొండలెక్కడం తర్వాత, ముందు ఆ బ్రేకులు చూపించుకోండి!