ఆయుష్షప్ప

హోసూరు సిప్‌కాట్‌లో షిఫ్టులు చేసి రిటైరై బేరిగైలో స్థిరపడినవాళ్లలో ఈయన బాపతు మనిషి వీధికొకరుంటారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది, ఊరికి మాత్రం ఆయుష్షప్పే. మెంతి నీళ్లయ్యాయి, నోని రసమయ్యింది, రాగి చెంబయ్యింది. ఇప్పుడు సెనోలిటిక్స్.

"మన ఒంట్లో చావనూ చావక, పనీ చేయక కూచునే కణాలుంటాయప్పా," అని టీ అంగడి దగ్గర మొదలుపెడతాడు. "పక్కనుండే వాటినీ చెడగొడతాయి. వాటిని ఏరి పారేస్తే మళ్లీ పడుచుదనమే!" వినేవాళ్ల చూపు పొద్దుట్నుంచీ బెంచీ మీద కదలకుండా కూచున్న ఇద్దరి మీదికి పోతుంది.

కణాల గురించి చెప్పిందాంట్లో అబద్ధం లేదు. వాటిని చంపే మందులనే సెనోలిటిక్స్ అంటారు. అలాంటి జోడీ ఒకదాన్ని అమెరికాలో మేయో క్లినిక్, స్క్రిప్స్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. ఒకటి డసాటినిబ్, రక్త కాన్సర్‌కు వాడే మాత్ర. రెండోది క్వెర్సెటిన్, ఎర్రగడ్డలో ఉండేదే.

ఎర్రగడ్డ అని చెవిన పడ్డాక ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం? సంగటిలోకి పచ్చి ఎర్రగడ్డ, మజ్జిగలోకి పచ్చి ఎర్రగడ్డ. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. పరీక్షల్లో క్వెర్సెటిన్ మోతాదు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు, ఆపైన. కిలో ఎర్రగడ్డల్లో ఉండేది సుమారు రెండు మూడు వందలు. కోడలు ఫోన్లో లెక్క వేసి, "రోజుకు నాలుగు కిలోలు పడతాయి మామా, రేటు చూసి తినండి," అంది.

ఆయన లెక్క వేరు. 24 నుంచి 27 నెలల ముసలి ఎలుకలకు ఈ జోడీ ఇస్తే ఆయుష్షు 36 శాతం పెరిగిందని 2018లో తేలింది. ఆ 36ను తన 68 మీద వేసుకుని, 92 ఖాయం చేసుకున్నాడు. పెరిగింది మందు మొదలెట్టాక మిగిలిన ఆయుష్షు మాత్రమే, అదీ ఎలుకకు!

మనుషుల ముచ్చట వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. 2019లో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్న 14 మందికి ఈ జోడీ ఇస్తే నడక కాస్త మెరుగైంది, కానీ పోల్చి చూడడానికి మందు తీసుకోనివాళ్లు లేరు. ముట్లుడిగిన 60 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో ఎముకల అరుగుదల తగ్గలేదని 2024లో చెప్పారు. ఇలాంటి కణాలనే చంపాలని యూనిటీ బయోటెక్నాలజీ అనే కంపెనీ చేసిన మోకాలి ఇంజెక్షన్ 2020లో ఉత్తుత్తి మందును మించలేకపోయింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే ఆయుష్షప్ప ఈ చివరి సంగతి ఎవరికీ చెప్పడు.

"ఏదైనా డాక్టర్ పర్యవేక్షణలోనే చేయాలప్పా" అనడం మాత్రం మరవడు. అందుకే హోసూరుకు పోయి డాక్టరమ్మ ముందు కూచున్నాడు. డసాటినిబ్‌తో ప్లేట్‌లెట్లు పడిపోవచ్చనీ, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చనీ ఆమె చెప్పింది. పరిశోధనలో అయితే ముందూ వెనకా రక్తపరీక్షలు ఉంటాయనీ, ఊరికే ముసలితనానికి ఈ మాత్ర రాయననీ తేల్చేసింది. సూది అనేసరికే ఈయన చెయ్యి చొక్కా లోపలికి పోయింది. పర్యవేక్షణంటే చీటీ రాసివ్వడమనుకున్నాడు పాపం.

చేతికి పట్టీ చుట్టి బీపీ చూసిందామె. 170.

"మాత్రలు వాడతా ఉండారా?"

"ఆపేసినానమ్మా. అది ఒకసారి మొదలెడితే బతికినన్నాళ్లూ వేసుకోవాలంట కదా!"

"మీరు ఎన్నాళ్లు బతుకుదామని వచ్చినారు?" అంది డాక్టరమ్మ, చీటీ రాస్తూనే.