కొత్త బ్యాటరీ

శ్రావణమాసం వచ్చిందంటే గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ చేసేవాళ్లకు అన్నం తినే తీరిక ఉండదు. శుభలేఖలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. ఆ పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని, ఒకే ఒక్క లాప్‌టాప్ మీద ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న ఆవిడకు సరిగ్గా ఆ నెలలోనే అది మొరాయించింది. పేజ్‌మేకర్ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. అను ఫాంట్లలో పెళ్లికూతురి పేరు కొడితే అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చునేవి. ఛార్జర్ పీకితే మరీ ఘోరం.

ర్యామ్ పెంచమన్నారు ఒకరు. వైరస్ అన్నారు ఇంకొకరు. పాలిటెక్నిక్ చదివే అక్క కొడుకు మాత్రం ముందు టాస్క్ మేనేజర్ తెరిచాడు. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడవాల్సిన ప్రాసెసర్ 0.8 దాటడం లేదు.

"పిన్నీ, దీనికి జబ్బేం లేదు. తిండి చాలడం లేదు."

కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క లైను కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీశాడు. విండోస్ 8 నుంచీ ఉన్న సదుపాయమే ఇది. పైసా ఖర్చు లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అయినా లాప్‌టాప్ మీదే బతుకుతున్నవాళ్లకు కూడా దీని సంగతి ఎవరూ చెప్పరు. నాకు కష్టంగా ఉండేది అదే. కంపెనీ పేరు, సీరియల్ నంబరు, తయారైనప్పటి సామర్థ్యం అన్నీ అందులో ఉంటాయి. మొదట్లో 41,440 మిల్లీవాట్ అవర్లు పట్టిన బ్యాటరీకి ఇప్పుడు నిండా ఎక్కించినా పట్టేది 14,900. సైకిల్ కౌంట్ 812. అంటే మొత్తం బ్యాటరీని నింపేంత ఛార్జింగ్ ఇప్పటికి 812 సార్లు అయిందన్నమాట.

లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి మెషీన్ ఠక్కున ఆగిపోవచ్చు. ఆ గండం రాకుండా కొన్ని లాప్‌టాప్‌లు ముందుగానే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి. పని ఎక్కువైన క్షణాల్లో ఛార్జర్‌కు బ్యాటరీ కూడా తోడు రావాల్సిన మోడళ్లయితే, ప్లగ్గు పెట్టి ఉంచినా ఇదే తంతు. పాత బ్యాటరీలున్న ఐఫోన్లలో ఇలాగే వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. తగ్గించినందుకు కాదు, చెప్పనందుకు.

కుర్రాడు రిపోర్ట్ ప్రింట్ తీసి, షాపులో చూపించమని పిన్ని చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. షాపులో చూపించే పని పడలేదు. మోడల్ చూడగానే షాపతనే చెప్పేశాడు.

"బ్యాటరీయేనమ్మా. ఒరిజినల్ వేస్తాను, 3,800. పాతది మాకిచ్చేస్తే 300 తగ్గిస్తా. వాటిని చెత్తలో వేయకూడదండీ, 2022లో రూల్స్ కూడా వచ్చాయి."

రూల్స్ వచ్చిన మాట నిజమే. లాప్‌టాప్ లోపలి గదిలోకి పట్టుకెళ్లి, కాసేపటికి తెచ్చాడు. అడుగున ఆరు నెలల వారంటీ స్టిక్కరు కూడా అంటించాడు. ఆవిడ 3,500 లెక్కపెట్టి ఇచ్చి వచ్చింది.

ఇంటికొచ్చాక చూస్తే అక్షరాలు మళ్లీ అలాగే. మర్నాడు ఫోన్ చేసింది.

"కొత్త బ్యాటరీతో కూడా స్లో అంటే మదర్‌బోర్డే పోయిందమ్మా. దానికింక డబ్బులు పోయకండి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి, మీకు మంచిది చూసి పెడతా."

సాయంత్రం కుర్రాడు వచ్చేసరికి ఆవిడ మెడలో గొలుసు లేదు. తాకట్టు కొట్టు కట్టేసేలోగా వెళ్లాలని తీసి పర్సులో వేసుకుంది.

"నీ మాట విని 3,500 పోశాను కదరా!"

వాడు మారు మాట్లాడలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని మళ్లీ అదే లైను కొట్టాడు. రిపోర్ట్ తెరిచి కిందికీ పైకీ చూశాడు. తర్వాత పర్సులో ఉన్న పాత కాగితం అడిగి తీసుకుని తెర పక్కన పెట్టాడు.

"పిన్నీ, కాస్త ఈ సీరియల్ నంబరు చదువు."

ఆవిడ కాగితం మీది అంకెలు ఒక్కొక్కటే చదివింది. తెర మీద ఒక్క అంకె కూడా తేడా లేదు.

సైకిల్ కౌంట్ మాత్రం మారింది. 813.