అజేలియా మామయ్యగారు

ఏప్రిల్లో అట్లాంటా శివారు కమ్మింగ్‌లో అజేలియాలు విరగబూస్తాయి. ఇంచుమించు అప్పుడే విజిటర్ వీసా మీద మామయ్యగారు దిగుతారు. ఎవరి మామయ్యగారని అడక్కండి, వీధికొకరుంటారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సత్తెనపల్లి దగ్గర మూడెకరాలుంది, కౌలుకిచ్చారు. వ్యవసాయంతో ఆయనకున్న అనుబంధమల్లా ఏటేటా కౌలు వసూలు చేసుకోవడమే. అయినా మొక్క కనబడితే చెయ్యి ఊరుకోదు.

సాయంత్రం వాకింగుకి వెళ్తూ ఇంటిముందు అజేలియా దగ్గర ఆగుతారు. కొమ్మల పంగల్లో తెల్లటి దూది ఉండలు, ఆకుల మీద నల్లటి మసి, కాండం మీద చీమల బారు. "పిండినల్లి!" అని తేల్చేస్తారు. నిజానికది పొలుసు పురుగు. ఆ దూది సంచిలో ఆడపురుగు నిక్షేపంగా కూర్చుని రసం పీలుస్తుంది, గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తియ్యటి జిగురు కోసమే చీమలు, దాని మీద పట్టిన బూజే ఆ మసి. ఇదంతా చెప్పబోతే, "మా పత్తిలో చూడని పురుగా అమ్మా?" అంటారు. ఆ పత్తి వేసింది కౌలుదారు.

ఇక వైద్యం. వేపనూనె, కుంకుడు రసం కలిపి జూలై మిట్టమధ్యాహ్నం కొడతారు. ఎండ 90 డిగ్రీలు దాటితే నూనె ఆకుల్ని మాడ్చేస్తుందని కోడలు మొత్తుకుంటుంది. "మాకే 45 దాటదు, నీకు 90 ఎక్కడిదే అమ్మాయ్!" ఆకులు మాడతాయి. మర్నాడు చూస్తే పొలుసులు ఎక్కడివక్కడే. అవి చచ్చినా కొమ్మని వదలవు మరి. గోటితో నొక్కితే తడి తగిలినదే బతికున్నట్టు. ఆయన నొక్కరు, మళ్లీ కొడతారు.

పాత టూత్‌బ్రష్‌తో కొమ్మలు తోమాలన్న సలహా మాత్రం భేషైనది. ముదురు పురుగులు రాలిపోతాయి. కానీ తోమే పని అబ్బాయిది.

సెప్టెంబరులో విమానం ఎక్కబోతూ పురుగు పట్టిన కొమ్మలన్నీ కత్తిరించేస్తారు. అజేలియా వచ్చే ఏటి మొగ్గల్ని వేసవిలోనే కట్టేసుకుంటుంది. మరుసటి ఏప్రిల్లో వీడియో కాల్:

"పూలేవమ్మా?"

"పురుగు పోయింది మామయ్యగారూ."

మీ ఇంటికీ ఆయన వస్తే ముందు కత్తెర దాచండి. పూలు రాలాక రెండువైపులా అంటుకునే టేపు కొమ్మకి చుట్టి, ఆయన చేతికో భూతద్దం ఇవ్వండి. గుడ్లలోంచి వచ్చి పాకే పిల్లపురుగులు టేపుకి అంటుకుంటే, అదీ నూనె కొట్టే అదను. చల్లటి పొద్దున చూసి స్ప్రేయర్ ఆయనకే అప్పగించండి.