వెనక డోరన్న

పాత పాలమూరులోంచి 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలయ్యాయి. కలెక్టర్లు వేరయ్యారు, బండి నంబర్లు వేరయ్యాయి. వెనక డోరన్న ఒక్కడే ఇంకా ఉమ్మడి ఆస్తి.

గద్వాలలో ఎదురైతే కృష్ణ ఒడ్డు ఇసుకలో దించుతానంటాడు. వనపర్తిలో అయితే గుట్టలెక్కిస్తానంటాడు. నాగర్‌కర్నూల్‌లో అయితే సరాసరి నల్లమలే. బండి థార్, ఫోర్ బై ఫోర్. ఆ మాట బండి మీద రాసే ఉంటుంది, అయినా మనకు మళ్లీ చెబుతాడు.

కొన్న నెల తిరక్కముందే అన్నకు చేతులు దురద పెడతాయి. పెద్ద టైర్లు వేద్దామంటే భయం, సైలెన్సర్ మారుద్దామంటే భయం. కంపెనీ చేసిన తీరు మార్చొద్దని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని కూడా రాశారు. కోర్టు కన్ను పడని చోటు కోసం అన్న బండి చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు. చివరికి దొరుకుతుంది: వెనక డోరు లోపలి వైపు.

ఆదివారం ఇంటిముందు ముహూర్తం. లోపలి ప్లాస్టిక్ అట్ట పీకాలి, అల్యూమినియం రేకు బిగించాలి, దానికి బందుల మీద మడిచే బల్ల పెట్టాలి. అడవిలో డోరు తీయగానే బల్ల దిగాలి, బల్ల మీద స్టవ్వు, స్టవ్వు మీద చాయ.

మొదటి క్లిప్పు టక్కున విరుగుతుంది. "విరగనీకే ఇస్తడు కంపెనోడు" అంటాడు. రెండోది విరిగాక ఏమీ అనడు. చిల్లు పడ్డచోట ప్రైమర్ పూయకపోతే తుప్పు తింటుందని అన్నకు తెలుసు. ప్రైమర్ లేదు, వదిన గోళ్ల రంగు ఉంది. చిల్లు చిల్లుకూ గులాబీ బొట్టు పెట్టి, నోటితో ఊది మరీ ఆరబెడతాడు.

బల్లకు చెక్క కావాలి. ఆదివారం షాపు బంద్. మధ్యాహ్నం వంటింట్లోంచి కేక: "చపాతీల పీట ఏడవెట్టిన్రు?"

జవాబుగా డ్రిల్లు మోత.

అసలే ఆ డోరు స్టెప్నీని మోస్తోంది. ఇప్పుడు రేకు, పీట, పట్టుగొలుసు కూడా దాని నెత్తినే. గతుకు వచ్చినప్పుడల్లా డబడబ. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి బందుల కింద దూరుస్తాడు. చప్పుడు తగ్గదు, కాస్త మెత్తబడుతుంది. ఆ మార్పు వినడానికి వాడకట్టంతా బండి ఎక్కి ఒక రౌండు తిరగాలి.

ఎట్టకేలకు నల్లమల. మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఫరహాబాద్ చేరితే, సఫారీకి అటవీశాఖ బండే ఎక్కాలంటారు. థార్ గేటు దగ్గరే ఆగిపోతుంది. అన్న చలించడు. అక్కడే డోరు తెరిచి, బల్ల దించి, బిస్కెట్లు పేరుస్తాడు. బల్ల ఎత్తు కోతులకు సరిగ్గా సరిపోతుంది. "సూసినవా, ఎంత బరువు ఆపుతుందో!" అంటాడు.

ఇవన్నీ చూస్తున్న పక్కింటి కాక ఒకప్పుడు కొల్లాపూర్ రూట్లో కమాండర్ జీపు నడిపినవాడు. అన్న ఇల్లు చేరాక చుట్ట ఆర్పి నోరు విప్పుతాడు: "మేమైతే జీపుకు వెనక డోరే పీకేసినం. పలక కొట్టిస్తే ఇంకో ఆరుగురు నిలవడుతుండిరి. నీ పీట మీద ఎందరు నిలవడ్తరు తమ్మీ?"

ఇంకొకడైతే సిగ్గుపడేవాడు. అన్న మాత్రం జేబులోంచి టేపు తీస్తాడు.

"పలక ఎంత మందం వేసిన్రు కాకా?"