ఫలక్‌నుమాలో ఒక రాత్రి: పైసా వసూల్ పద్ధతులు

ప్యాలెస్ హోటల్లో దిగినవాళ్లు చాలామంది అమాయకంగా ప్యాలెస్‌ని చూస్తూ కూర్చుంటారు. చూస్తే ఏమొస్తుంది? కట్టిన డబ్బు ఎలా రాబట్టాలో ఆలోచించాలి గానీ. హైదరాబాద్ ఫలక్‌నుమా ఇందుకు మంచి చోటు. పాతబస్తీ దాటాక గుట్ట మీద ఉంటుంది. 2010 నుంచి తాజ్ వాళ్లు హోటల్‌గా నడుపుతున్నారు. గదులు అరవై. ఒక్క రాత్రి అద్దె చాలామంది నెల జీతాన్ని మింగేస్తుంది. కింది పద్ధతులు పాటించండి, మీకు తిరుగుండదు.

1. ముందుగా అప్పు చేయండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ భవనం కట్టించిన పైగా వంశపు నవాబు, నిజాం ప్రధాని వికార్-ఉల్-ఉమ్రాకే ఖర్చు తలకు మించిపోయిందని చెబుతారు. 1884లో పునాది వేస్తే పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లిపోయింది. అంతటి ప్రధానే ఆగలేదు, మీరెందుకు ఆగాలి? క్రెడిట్ కార్డు తీయండి.

2. ఇద్దరి పేరు మీద గది తీసుకుని ఏడుగురు వెళ్లండి. బావమరిది కుటుంబాన్ని "మమ్మల్ని దింపడానికి వచ్చారు" అనండి. రాత్రి పదకొండయ్యాక కూడా వాళ్లు దింపుతూనే ఉండాలి. పెద్దబ్బాయికి పదమూడేళ్లుంటే ఐదని చెప్పండి. బయల్దేరే ముందు వాడి నూనూగు మీసం గీయించడం మరవద్దు. రిసెప్షన్‌లో వాణ్ని మాట్లాడనివ్వకండి. ఏ క్లాసు అని ఎవరైనా అడిగితే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ అని చెప్పేస్తాడు.

3. ఏదో ఒక శుభకార్యం ఉందనండి. రిసెప్షన్‌లో పెళ్లిరోజు, రెస్టారెంట్‌లో ఆవిడ పుట్టినరోజు, గదికొచ్చిన కుర్రాడితో మామగారి షష్టిపూర్తి. అదృష్టం బాగుంటే మూడు కేకులొస్తాయి. ఎన్నో పెళ్లిరోజు అన్నది మాత్రం భార్యాభర్తలు కారులోనే తేల్చుకోవాలి. ఆయన పదిహేను, ఆవిడ పద్దెనిమిది అన్నారో, ఆ మూడేళ్ల లెక్క రాత్రంతా గదిలో నడుస్తుంది. కేకులెవరు తింటారని అడక్కండి. మీ ఇద్దరికీ షుగర్ ఉన్న సంగతి నాకు తెలుసు. ఫ్రిజ్‌లో పెట్టించండి, పొద్దున పారేయవచ్చు.

4. గేటు దగ్గర్నుంచి గుర్రపు బగ్గీలో పైకి తీసుకెళ్తారు. మెట్ల మీద గులాబీ రేకులు చల్లుతారు. కింద నగరమంతా కనిపిస్తుంటుంది, దాని జోలికి పోకండి. రీల్ సరిగ్గా రాలేదని చెప్పి మళ్లీ గేటు దాకా దించమనండి, రేకులు మళ్లీ చల్లమనండి. రాలినవాటిని క్యారీబ్యాగ్‌లోకి ఎత్తుకోండి. తొక్కిన పూలు పూజకు పనికిరావని అమ్మ అంటే గుల్కంద్ పెడదాం అనండి.

5. భోజనం విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. అక్కడ అదా అనే రెస్టారెంట్‌లో హైదరాబాదీ వంట పెడతారు. అటు కన్నెత్తి చూడవద్దు. పులిహోర, చపాతీలు, ఆవకాయ సూట్‌కేసులో తెచ్చుకోండి. గదిలో టీ కెటిల్ ఉంటే దాంట్లో గుడ్లు ఉడకేయండి. ఏడుగురికి రెండు వాయిలు చాలు. ఆవకాయ తెల్ల దుప్పటి మీద ఒలికితే కంగారు పడకండి, ఆయుర్వేద తైలం అని చెప్పండి. ఆవగింజల గురించి అడిగితే తైలం కొత్తదనండి. రాత్రికి బిర్యానీ పార్సిల్ తెప్పించుకోండి. డెలివరీ కుర్రాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. మీకు బగ్గీ ఉంది కదా! నిజాం గుట్ట మీంచి గుర్రపు బండిలో దిగి ఫ్యామిలీ ప్యాక్ అందుకున్న ఘనత మీకే దక్కుతుంది.

6. సాయంత్రం దిగినవాళ్లని ప్యాలెస్ అంతా తిప్పి కథలు చెబుతారు. ఆ వేళకి ఏసీ పదహారులో పెట్టి, రెండు దుప్పట్లు కప్పుకుని సీరియల్ చూడండి. ఎపిసోడ్ మళ్లీ రాదు, ప్యాలెస్ ఎక్కడికీ పోదు. తప్పక వెళ్లాల్సి వస్తే, గైడ్ ప్రతి వస్తువు దగ్గరా నోరు తెరిచేలోపే "ఇలాంటిదే మా మేనమామ ఇంట్లో ఉంది" అనండి. నూట ఒక్కమంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల దగ్గర మాత్రం ఆ మాట నిలబడదు, అక్కడ దగ్గండి. ఒక చివర మెల్లగా అన్నది రెండో చివర వినపడుతుందని చెబుతారు. కాబట్టి ఆ గదిలో ఖర్చు లెక్కలు గొణక్కండి. ఆవిడ అవతలి చివరే ఉంటుంది.

7. చెప్పులన్నీ వెతకండి. ఇది చరిత్ర మీద ఆధారపడిన సలహా. ఆరో నిజాం పోయాక ఆయన చెప్పులో జేకబ్ వజ్రం దొరికిందనీ, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడనీ చెప్పుకుంటారు. ఆ వజ్రాన్ని 1995లో నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వం కొనేసింది. అయినా చూస్తే పోయేదేముంది? వజ్రం లేకపోతే చెప్పులే పట్టుకెళ్లండి. సబ్బులు, షాంపూ సీసాలు, దువ్వెనలు గంటకోసారి అడిగి దాచండి. స్నానపు కోటు మాత్రం సూట్‌కేసు అడుగున, బావమరిది బట్టల కింద పెట్టండి. బిల్లులో దాని ధర ఎలాగూ పడుతుంది గానీ, దొరికితే పేరు ఆయనది.

8. టిప్పు ఇవ్వకండి. ఫోన్ చెవిన పెట్టుకుని, భుజం మీద చెయ్యేసి "మళ్లీ వస్తాం కదా" అనండి.

9. ఖాళీ చేసే వేళకి కడుపునొప్పి తెచ్చుకోండి. ఆరో నిజాం ఇక్కడికి అతిథిగా వచ్చి, నచ్చి, ఉండిపోయాడంటారు. మీకూ ఒక పూటైనా కలిసొస్తుంది. తర్వాత కౌంటర్ దగ్గర గొంతు పెంచి "బిల్లు లేకుండా అయితే ఎంత?" అని అడగండి. గది అద్దె రూ.7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. అది మీ జేబులోంచి ఎందుకు పోవాలి? ఒప్పుకోరు. గుడ్లు మాడిన కెటిల్, దుప్పటి, కోటు కూడా కలిపి చేతికిస్తారు.

మొత్తం ఈఎంఐలోకి మార్చుకోండి, పన్నెండు నెలల్లో తీరిపోతుంది. ఆపైన ఉదయ్‌పూర్‌కి బుక్ చేయండి. అక్కడ ప్యాలెస్ చెరువు నడుమ ఉంటుంది, పడవ మీద తప్ప వెళ్లలేరు. బిర్యానీ పార్సిల్ సంగతి ముందే మాట్లాడి పెట్టుకోండి.