నాణేల కవరు కోయుట: సటీకా తాత్పర్యము

మూలం (ఆటవెలది)

నాణె మున్న పెట్టె నలుదిక్కులను కోసి
వేలిముద్ర పడక వెలికి దీసి
ఆల్బమందు నొక్క యరలోన నుంచిన
చూపు గెలుచుఁ గాని సొమ్ము దరుగు

అవతారిక: పద్యం కూడా ఈ వ్యాఖ్యాతదే. పూర్వకవులు నాణేలు అడిగారు, పుచ్చుకున్నారు, వాటితో స్నానాలు కూడా చేయించుకున్నారు గాని, సీలు వేసిన కవరులో పెట్టుకుని చూస్తూ కూర్చోలేదు. కాబట్టి మూలం మనమే రాసుకోవలసి వచ్చింది. కోయంబత్తూరులో పీళమేడు వైపు, మధురలో మహలు వైపు, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే మనవాళ్ళలో ఈ పిచ్చి ఉన్న ఇద్దరు కలిస్తే లేచే తగవు ఇది. మధుర వారికి మొదటినుంచీ వచనం మీద మక్కువ. విజయరంగ చొక్కనాథుడి కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతాన్నే వచనంలో చెప్పాడు. పద్యం గిట్టని మధుర వారు తిన్నగా తాత్పర్యానికి దూకవచ్చు.

నాణెము: అనగా కిళ్ళీకొట్టులో చెల్లేది కాదు. టంకశాల వారు స్మారకంగా అచ్చువేసి, ధర కట్టి అమ్మేది. ఉదాహరణకు 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. హైదరాబాద్ మింటులో తయారు. అడ్డం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. సగం వెండి, 40 శాతం రాగి, నికెలూ జింకూ చెరి 5. ముఖాన వంద అని ఉంటుంది, కొనేటప్పుడు వేలవుతుంది. ఈ విరోధాభాసానికి లక్ష్యం వేరే వెతకనక్కరలేదు.

ఉన్న పెట్టె: ఛందస్సు కోసం పెట్టె అన్నాడు. సాధారణంగా అట్ట ఫోల్డరు. మధ్యలో గుండ్రటి కిటికీ, అందులో ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీలో నాణెం.

నలుదిక్కులను కోసి: ఇక్కడ రెండు మతాలు. కోయరాదు అని కోవై (అంటే కోయంబత్తూరు) వారు. సీలు చెదిరితే రేపు కొనేవాడు బేరం మొదలుపెడతాడు, మింటు నుంచి వచ్చినదే అని సాక్ష్యం చెప్పేది ఆ సీలొక్కటే అని వారి హేతువు. కోయవలసిందే అని మధుర వారు. మీనాక్షమ్మకే రోజూ తెర తీస్తారు, నీ నాణేనికి తీయవా అని వారి దృష్టాంతం. వారి పట్టుదలకు కారణం ఊహించవచ్చు. నాయకరాజుల రాగి కాసులు వైగై ఇసుకలో దొరికే ఊరు అది. ఇసుకకు సీలేమిటి?

కోవై వారికి మాత్రం ఊరి చరిత్రే అడ్డం తిరుగుతుంది. పక్కనున్న వెళ్ళలూరులో 1842లో అగస్టస్, టైబీరియస్‌ల నాటి రోమను వెండి దీనారాలు బయటపడ్డాయి. వాటిని ఉన్నచోటే ఉంచండి, ధర పోతుంది అని ఎవరూ అనలేదు. ఇక నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమను నాణేల్లో చాలావాటికి చక్రవర్తి తల మీదే ఉలిగాటు ఉంది. నాణేన్నే కోసిన దేశంలో అట్ట కోయడానికి ఇంత చర్చా అని శంక. సమాధానం: చక్రవర్తి తల తెగినా వెండి తూకం తగ్గదు. సీలు తెగితే ధర తగ్గుతుంది. ఇది అలంకారశాస్త్రానికి అందే విషయం కాదు, బజారుశాస్త్రం.

వేలిముద్ర పడక: పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. చేతి చెమటలో ఉప్పు, జిడ్డు ఉంటాయి. ఈ రోజు కనిపించదు. కొన్నాళ్ళకు బొటనవేలి గీతలన్నీ గోధుమరంగులో తేలతాయి, తుడిస్తే పోవు. అందుకే నూలు చేతొడుగులు వేసుకుని, బల్ల మీద మెత్తటి తువ్వాలు పరిచి, బ్లేడును డబ్బీ వైపు పోనీకుండా అట్ట అంచు వెంట నడిపి, నాణేన్ని చుట్టూ అంచున మాత్రమే పట్టుకోవాలి. ఆ సమయంలో మాట్లాడరాదు, ఉమ్మి తుంపర పడితే మచ్చే. తెలుగువారి చేత ఈ ఒక్క నియమం పాటింపజేయడం దుస్సాధ్యమని వ్యాఖ్యాత అనుభవం. నల్లబడితే విభూది పెట్టి రుద్దే అవ్వలు ఇళ్ళలో ఉంటారు. అవ్వకు దండం పెట్టి వెండి కుందులు చేతికివ్వండి, నాణేలు మాత్రం ఇవ్వకండి. రుద్దిన నాణెం మెరుస్తుంది, దాంతోపాటు గీతలూ మెరుస్తాయి.

ఆల్బమందు: ఏ ఆల్బము అని ప్రశ్న. పేజీ తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన కొడితే అది మెత్తటి పీవీసీ. వేడికి అది క్షీణిస్తూ జిడ్డునూ ఆమ్లాన్నీ వదులుతుంది; రాగి కలిసిన నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. మధుర ఎండల్లో ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. ఎన్టీఆర్ నాణెంలో రాగి 40 పాళ్ళు అని ముందే చెప్పుకున్నాం. పసుపు రంగు తేలితే పార్టీ రంగేలే అని సరిపెట్టుకోవచ్చు, ఇది ఆకుపచ్చ. కనుక పాలిస్టరు జేబుల పేజీలే కొనాలి. రబ్బరు బ్యాండు దగ్గరికి రానీకూడదు, దానిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

అరలోన: స్పష్టం.

తాత్పర్యం: నాణెం స్థితిని పరీక్షించి గ్రేడు వేసి ప్లాస్టిక్ పలకలో బిగించినదాన్ని కోసినవాడు మూర్ఖుడు, పలక పగిలిన క్షణాన గ్రేడూ పోతుంది. అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేన్ని డబ్బీలోంచి తీయవద్దు. అట్ట విప్పి, డబ్బీతో సహా పెద్ద అరలో పెట్టుకోండి. మామూలు అన్‌సర్క్యులేటెడ్ నాణేల విషయంలో వ్యాఖ్యాత మధుర పక్షం. అమ్మే ఆలోచన లేనివాడు ఎవడో రాబోయే కొనుగోలుదారు కోసం జీవితాంతం అట్టకు కాపలా కాయడం ఏమిటి? పిల్లలకు రెండు వైపులా తిప్పి చూపించాలి. అమ్మే ఆలోచన ఉంటే మాత్రం కోవై వారి మాట వినండి.

కోసినవారికి ఒక్క మనవి: ఖాళీ ఫోల్డరునూ, లోపలి సర్టిఫికెట్ కాగితాన్నీ పారెయ్యకండి. ఆల్బం వెనకాలే దాచండి, మీ తర్వాతివాళ్ళకు అమ్మాలనిపించవచ్చు.